పాత బండికి కొత్త పట్టు

నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులున్న అంబాసిడర్‌కి ముందు డిస్కులు వేయించవచ్చా? వేయిస్తే పెడల్ నుంచి టైరు దాకా ఏమేం మార్చాలి?

విజయవాడ దాటి ఏలూరు వైపు హైవే ఎక్కితే అంబాసిడర్ ఇప్పటికీ ముచ్చటగానే నడుస్తుంది. అరవై, డెబ్బైలో నిబ్బరంగా సాగుతుంది, గతుకుల్ని లెక్కచేయదు, వెనక సీట్లో ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు. చిక్కల్లా ముందు వెళ్లే కారుతోనే. గేదె అడ్డొచ్చిందనో, డివైడర్ సందులోంచి ట్రాక్టరు తిరిగిందనో ఆ కారు నడిపే ఆయన ఒక్కసారిగా బ్రేకు తొక్కుతాడు. ఆ కారుకి ముందు డిస్కులున్నాయి, పైన ఏబీఎస్ ఉంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఆ ముందు కారు ఆగిపోతుంది. దాని వెనక మనం, నాలుగు డ్రమ్ములతో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

మన బండి 1970ల్లో ఎలా ఆగేదో, సరిగ్గా చూసుకుంటే ఇవాళా అలాగే ఆగుతుంది. చుట్టూ ఉన్న బళ్లు ఆగే తీరు మారిపోయింది, వేగాలు పెరిగాయి, బండికీ బండికీ మధ్య వదిలే జాగా తగ్గిపోయింది. పాత కారుని షెడ్డులో ముసుగేసి ఉంచకుండా రోడ్డు మీద తిప్పుకోవాలనే ఆశ ఉన్నవాళ్లు డిస్కు బ్రేకుల గురించి అడగడం అందుకే. ఆ ఆశ న్యాయమైనది. తిరగని కారుని కారుగా బతికించినట్టు కాదని నేను నమ్ముతాను.

ముందు డిస్కులు వేయించడం మంచి పనే. కానీ చాలాచోట్ల జరుగుతున్న పద్ధతి చూస్తే భయం వేస్తుంది. ఏదో బండి నుంచి తీసిన డిస్కులూ కాలిపర్లూ ముందు చక్రాలకి తగిలించి, పాత మాస్టర్ సిలిండర్‌కే గొట్టాలు కలిపి, గాలి తీసి, తాళం చేతికిచ్చేస్తున్నారు. పెడల్ మొదలుకొని టైరు రోడ్డుని పట్టుకునే చోటు దాకా బ్రేకంతా ఒకే లెక్క. అందులో ఒక్క అంకె మార్చి మిగతావి అలాగే వదిలేస్తే, అసలు మార్చని బండి కంటే ప్రమాదకరమైన బండి తయారవుతుంది.

చక్రం విప్పితే

జాకీ ఎత్తి, చక్రం తీసి, డ్రమ్ముని పట్టుకున్న స్క్రూ విప్పినా డ్రమ్ము వెంటనే చేతికి రాదు. ఏళ్ల తరబడి షూలు ఒరుసుకున్న మేర లోపలి గోడ అరిగి, అంచున సన్నటి గట్టు మిగులుతుంది. షూలు ఆ గట్టు వెనక ఇరుక్కుని ఉంటాయి. అడ్జస్టర్ వెనక్కి తిప్పి, అంచు చుట్టూ మెల్లగా తట్టుకుంటూ పోతే అప్పుడు ఊడుతుంది. లోపల నెలవంకల్లా వంగిన రెండు షూలు, వాటి వీపున లైనింగు, షూలని తోసే వీల్ సిలిండర్, వాటిని వెనక్కి లాగే స్ప్రింగులు. వీల్ సిలిండర్ చివర రబ్బరు టోపీని గోటితో కొంచెం పైకెత్తి చూడాలి. అక్కడ తడి ఉంటే బ్రేక్ ఆయిల్ కారుతున్నట్టే, ఆ తడి లైనింగు దాకా పాకితే ఆ చక్రం పట్టనట్టే. డ్రమ్ము గోడ మీద నీలం మచ్చలు కనిపిస్తే అక్కడ ఇనుము ఎప్పుడో విపరీతంగా వేడెక్కిందని గుర్తు.

డ్రమ్ములో పేరుకున్న ఆ నల్లటి దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదించవద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు. ఆ సన్నటి పోగుల ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు, ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కి దారితీస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో కట్టి పడేయాలి. షెడ్డులో పనిచేసే కుర్రాళ్లు రోజూ పీల్చేది ఆ గాలే కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

డ్రమ్ము తెలివితక్కువ వస్తువేమీ కాదు. బండి ముందుకి పోతుంటే తిరిగే డ్రమ్మే ముందున్న షూని తనలోకి లాక్కుంటుంది. మనం కాస్త నొక్కితే మిగతా బలం అదే చేర్చుకుంటుంది. కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేకుండా, ఒట్టి కాలి బలంతో టన్ను పైచిలుకు బరువున్న కార్లని మన పెద్దలు ఆపగలిగారంటే ఆ గుణం వల్లే. పైగా మూసి ఉంటుంది కాబట్టి బురద చొరబడదు, హ్యాండ్ బ్రేకు సులువుగా అమరుతుంది. ఈ కారణంగానే ఇవాళ్టి చిన్న కార్లలోనూ వెనక చక్రాలకి డ్రమ్ములే కనిపిస్తాయి.

దాని బలహీనత వేడి. బ్రేకు వేయడమంటే బండి పరుగుని వేడిగా మార్చడమే. ఐదుగురు మనుషులూ సామానూ కలిపి 1,500 కిలోల బండి గంటకి 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే దాదాపు 370 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. బిందెలోని నీళ్లు లీటరుంపావు తీసుకుని మరుగు పట్టించడానికి కావలసినంత. అది ఒక్కసారి ఆగితే. వేగం సగం చేస్తే ఈ వేడి నాలుగో వంతుకి పడిపోతుంది, పెంచితే అదే లెక్కన ఎగబాకుతుంది.

ఆ వేడికి డ్రమ్ము సాగుతుంది. సాగితే దాని గోడ షూల నుంచి దూరం జరుగుతుంది. షూ ఇంకొంచెం దూరం వెళ్లి అందుకోవాలి, అంటే పెడల్ ఇంకొంచెం లోపలికి పోవాలి. ఈలోగా లైనింగు పట్టు కూడా సడలుతుంది. తనని తానే లాక్కునే గుణం ఇక్కడ ఎదురు తిరుగుతుంది: పట్టు కాస్త తగ్గితే లాగే బలమూ తగ్గి, మొత్తం మీద బ్రేకు బాగా పడిపోతుంది. దీన్నే బ్రేక్ ఫేడ్ అంటారు. అనుభవించినవాళ్లకి ఆ పెడల్ కాలి కింద జారిపోయిన తీరు జన్మలో మరిచిపోలేనిది.

తిరుమల దిగే దారి లెక్క

కొండదారిలో ఈ వేడి ఎంత పేరుకుంటుందో చూడండి. తిరుమల నుంచి తిరుపతికి దిగే బండి దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. అదే 1,500 కిలోల బండి ఆ ఎత్తు దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 10 మెగాజౌళ్లు. అంటే 80 వేగం నుంచి ఇరవై ఏడెనిమిది సార్లు పూర్తిగా ఆపినంత. కొంత గాలి తీసుకుంటుంది, కొంత టైర్లు తీసుకుంటాయి, సరైన గేరులో ఉంటే ఇంజనే చాలావరకు మింగేస్తుంది. న్యూట్రల్‌లో వదిలితే మాత్రం ఆ భారమంతా డ్రమ్ముల మీదే. వాటికి చల్లారే వ్యవధి లేదు, ఎందుకంటే మలుపు తర్వాత మలుపు వస్తూనే ఉంటుంది. అనంతగిరి మీదుగా అరకు నుంచి దిగినా, శ్రీశైలం ఘాట్ దిగినా సంగతి అంతే.

ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేవారు. డిస్కులు వేయించినా ఆ మాట నిలబడుతుంది.

డిస్కు ఈ లెక్కని ఎలా మారుస్తుంది? కాలిపర్ తన ప్యాడ్లతో రెండు వైపులా నొక్కే ఇనుప పళ్లెం గాలిలో బయటికే ఉంటుంది, రెండు ముఖాల నుంచీ వేడి వదులుతుంది. వేడెక్కి మందం పెరిగినా ప్యాడ్ల వైపుకే పెరుగుతుంది కాబట్టి పెడల్ దిగిపోదు. నీళ్లు పడితే తిరుగుడుకి చిమ్మిపోతాయి, మిగిలిన పొరని ప్యాడ్లు తుడిచేస్తాయి. వానాకాలంలో కల్వర్టు మీద పారే నీళ్లలోంచి బయటికొచ్చిన డ్రమ్ము బండి మొదటి నొక్కుకి అసలు పట్టకపోవడం, రెండో నొక్కుకి ఒక పక్కకి గుంజడం మనకి తెలిసిందే. డిస్కు ఆ బెడద చాలావరకు తీరుస్తుంది. దానికి తనని తాను లాక్కునే గుణం లేదు కనుక రెండు చక్రాలకీ బ్రేకు సమానంగా పడుతుంది, బండి తిన్నగా ఆగుతుంది.

ఇక్కడే ఒక అపోహ తీరాలి. డిస్కులు వేస్తే మామూలు వేగంలో ఒక్కసారి ఆగే దూరం సగానికి తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. మంచి స్థితిలో ఉన్న డ్రమ్ములు కూడా చక్రాన్ని లాక్ చేయగలవు. చక్రం లాక్ అయ్యాక ఇక ఆపాల్సింది టైరే. గట్టిపడిపోయిన పాత నైలాన్ టైర్ల మీద ఏ డిస్కూ అద్భుతం చేయలేదు. డిస్కు విలువ తెలిసేది ఐదోసారి, పదోసారి ఆపినప్పుడు, తడి రోడ్డు మీద, ఘాట్ సగం దిగాక. మీ బండి పెళ్లిళ్లకీ, ఆదివారం పొద్దున ఊళ్లో ఒక చుట్టుకీ మాత్రమే బయటికొస్తుందా? అయితే ఆ డబ్బుతో ముందు నాలుగు మంచి రేడియల్ టైర్లు కొనండి.

ఒకే ఏడాది పుట్టిన రెండు దారులు

డ్రమ్ము పాతది, డిస్కు కొత్తది అనుకుంటాం. రెండూ దాదాపు ఒకే ఈడువి. ఫ్రాన్స్‌లో లూయీ రెనో డ్రమ్ము బ్రేకుకి స్థిరమైన రూపం ఇచ్చింది 1902లో. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకి పేటెంటు తీసుకున్నదీ 1902లోనే. డ్రమ్ము గెలిచింది, ఎందుకంటే అప్పటి మట్టిరోడ్లకీ అప్పటి లోహాలకీ అదే నప్పింది. డిస్కు చాలాకాలం పక్కన పడి ఉండి, విమానాల చక్రాల్లో మళ్లీ ప్రాణం పోసుకుంది.

కార్ల లోకం కళ్లు తెరిచింది 1953లో, ఫ్రాన్స్‌లోని లే మాన్ 24 గంటల పందెంలో. డన్‌లప్ డిస్కులు బిగించిన జాగ్వార్ సీ-టైప్ కార్లు ఒకటి, రెండు, నాలుగు స్థానాల్లో వచ్చాయి. గెలిచిన కారుని టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ వంతులవారీగా నడిపారు. ఆ పందెం చరిత్రలో సగటు వేగం గంటకి 100 మైళ్లు దాటడం అదే మొదలు. పొడవాటి తిన్నని దారి చివర మలుపు దగ్గర మిగతా కార్లు ముందే బ్రేకు వేస్తుంటే, ఈ కార్లు ఇంకా కొంతదూరం పూర్తి వేగంతో పోయి అప్పుడు బ్రేకు వేసేవి. తెల్లారేదాకా అలా వేస్తూనే ఉన్నా వాటి పట్టు సడలలేదు. రెండేళ్లకే, 1955 పారిస్ ప్రదర్శనలో, సిట్రోయెన్ డీఎస్ ముందు డిస్కులతో మామూలు కొనుగోలుదారు ముందుకొచ్చింది.

మన అంబాసిడర్ పుట్టింది సరిగ్గా ఈ మలుపులో. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని హిందుస్థాన్ మోటార్స్ తీసుకుని, 1950ల చివర పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారీ మొదలుపెట్టింది. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఆనాటి మన రోడ్లకి అవి చాలు. 2014 మేలో తయారీ ఆగిపోయేలోపు, చివరి దశాబ్దాల బళ్లకి కంపెనీయే ముందు డిస్కులు ఇచ్చింది. పాత బండికి డిస్కులు వేయించాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి వార్త లేదు. కావలసిన దారి ఆ కారు కుటుంబంలోనే ఉంది.

తమ్ముడి సరంజామా

బయట దేశాల్లో అనుభవజ్ఞులు ఎంచుకునేదీ ఈ దారే. బ్రిటన్‌లో మోరిస్ మైనర్ వాళ్లు 1971లో వచ్చిన మోరిస్ మెరీనా ముందు బ్రేకులని వాడుకునేవారు. మెరీనా ముందు సస్పెన్షన్ మైనర్ వంశానిదే కాబట్టి కుదిరింది. అమెరికాలో 1960ల మస్టాంగ్‌కి 1970ల ఫోర్డ్ గ్రెనాడా స్టబ్ యాక్సిళ్లూ డిస్కులూ బిగించడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అదే కంపెనీ, అదే బరువు బాపతు కారు. ఇంజనీర్లు చేసిన లెక్క అక్కడ వృథా పోదు.

మనకి అంటే తర్వాతి అంబాసిడర్ ముందు సరంజామా: స్టబ్ యాక్సిల్, హబ్బు, డిస్కు, కాలిపర్, దాన్ని పట్టే బ్రాకెట్, వెనక రేకు, అన్నీ ఒకే బండివి, ఎడమా కుడీ జతగా. మోడల్ మోడల్‌కీ తేడాలుంటాయి కనుక కొనేముందే బేరింగు కొలతలూ, స్టీరింగు చేయి పట్టే రంధ్రాలూ కొలిచి చూడాలి. ఎక్కడిదో చిన్న కారు కాలిపర్‌ని చేత్తో కోసిన ఇనుప పట్టీతో వెల్డింగ్ చేసి నిలబెట్టడం చూశాను. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి మొత్తాన్ని ఆపే బలం ఆ పట్టీ మీదే పడుతుంది. వెల్డింగ్ వదిలిన క్షణాన కాలిపర్ చక్రంతోపాటు తిరిగి గొట్టాన్ని తెంపేస్తుంది. అలాంటి పని ఎంత చవగ్గా చేస్తామన్నా ఒప్పుకోకండి.

ఆటోనగర్‌లో పాత బళ్ల పని మాత్రమే చేసే ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి ఒకాయన తన మార్క్-త్రీ అంబాసిడర్ తీసుకొచ్చాడు.

"మేస్త్రీ, బ్రేకు పట్టడం లేదు. ఎడమకి గుంజుతోంది. డిస్కులు వేసేద్దామా?"

"వేద్దాం సార్. ముందు డ్రమ్ములు విప్పి చూడనివ్వండి. ఎడమకి గుంజుతోందంటే కుడి చక్రం పట్టడం లేదు. అక్కడ ఆయిల్ కారుతుండాలి."

విప్పితే కుడి వీల్ సిలిండర్ కారుతోంది, లైనింగు తడిసి జిడ్డుగా మెరుస్తోంది. కొత్త సిలిండర్లు, కొత్త లైనింగులు వేసి, డ్రమ్ములు లేత్ మీద సాఫు చేయించి, అడ్జస్ట్ చేశాక ఆ బండి తిన్నగా ఆగింది. ఆయన నెల్లాళ్లు తిప్పి, ఆ తర్వాత నిదానంగా డిస్కుల పనికి వచ్చాడు. ఆ వరస నాకు నచ్చింది. డ్రమ్ములు బాగున్నప్పుడు బండి ఎలా ఆగుతుందో తెలిసినవాడికే డిస్కులు ఏం చేశాయో అర్థమవుతుంది. పైగా వెనక డ్రమ్ములు ఎలాగూ ఉండిపోతాయి, వాటి బాగోగులు ముందే చూసుకున్నట్టయింది.

వెనక డ్రమ్ములు అలాగే ఉంచడంలో తప్పేమీ లేదు. బ్రేకు వేయగానే బరువు ముందుకి వాలుతుంది, పనిలో మూడింట రెండు వంతుల దాకా ముందు చక్రాలదే. హ్యాండ్ బ్రేకు వెనక డ్రమ్ముల మీద ఆధారపడి ఉంది. చట్టం అడిగే పార్కింగ్ బ్రేకు అదే. నాలుగు చక్రాలకీ డిస్కులు చూడ్డానికి బాగుంటాయి, కానీ హ్యాండ్ బ్రేకు కోసం మరో తంటా పడాలి.

పెడల్ నుంచి మొదలుపెట్టాలి

అసలు పని చక్రం దగ్గర కంటే ఇక్కడే ఎక్కువ. పాత కార్లలో మాస్టర్ సిలిండర్ ఒకే గది. నాలుగు చక్రాలకీ ఆయిల్ ఆ ఒక్క గది నుంచే పోతుంది. ఎక్కడో ఒక గొట్టం చిట్లితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. డిస్కులు వేయించినా వేయించకపోయినా పాత కారుకి చేయాల్సిన మొదటి మార్పు రెండు గదుల టాండెమ్ మాస్టర్ సిలిండర్. ముందు చక్రాలకి ఒక గది, వెనక వాటికి ఒకటి. ఒకటి ఖాళీ అయినా రెండోది బండిని ఆపుతుంది. నా చేతిలో డబ్బు ఒక్క పనికే ఉంటే డిస్కులు వదిలేసి ఇదే చేయిస్తాను.

తర్వాత కొలత. కాలిపర్ పిస్టన్ వ్యాసం వీల్ సిలిండర్‌కి రెండింతలుంటే దాని వైశాల్యం నాలుగింతలు, అది జరగడానికి కావలసిన ఆయిలూ ఎక్కువే. పాత మాస్టర్ సిలిండర్ అంత ఆయిల్ తోయలేకపోతే పెడల్ నేలని తాకుతుంది. పోనీ అని మరీ లావు సిలిండర్ పెడితే పెడల్ రాయిలా బిగుస్తుంది, అదే కాలి బలానికి ఒత్తిడి తగ్గిపోతుంది. కాబట్టి డిస్కులు ఏ బండివో మాస్టర్ సిలిండర్, బూస్టర్ కూడా ఆ బండివే తీసుకోవడం క్షేమం.

బూస్టర్ ఎందుకంటే, డ్రమ్ములా డిస్కు తనకి తాను బలం చేర్చుకోదు. బూస్టర్ లేని డిస్కు బండిలో కాలు నొప్పెట్టేలా తొక్కాలి. పెట్రోలు ఇంజన్ అయితే ఇన్‌లెట్ మ్యానిఫోల్డ్ లాగే వాక్యూమ్ బూస్టర్‌కి సరిపోతుంది. డీజిల్ అంబాసిడర్‌కి అది కుదరదు. డీజిల్‌లో గాలిని అడ్డే త్రాటిల్ ఉండదు కాబట్టి చాలినంత వాక్యూమ్ పుట్టదు, దానికి విడిగా వాక్యూమ్ పంపు కావాలి. ఇది మరిచిపోయి బూస్టర్ బిగించి, పెడల్ గట్టిగా ఉందేమిటని షెడ్డుల చుట్టూ తిరిగేవాళ్లున్నారు.

ఇంకో మాట. ఇంజన్ ఆపితే బూస్టర్‌లో రెండు మూడు నొక్కులకి సరిపడా నిల్వే ఉంటుంది. పెట్రోలు కలిసొస్తుందని ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆపేసే అలవాటు మన డ్రైవర్లలో పాతదే. బూస్టర్ ఉన్న బండిలో ఆ అలవాటు ప్రాణాంతకం. బండి ఇంకెవరైనా నడుపుతుంటే ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పాలి.

మాస్టర్ సిలిండర్‌లో దాక్కునే మరో చిన్న భాగం నిల్వ ఒత్తిడి వాల్వు. వీల్ సిలిండర్ రబ్బర్లు విచ్చుకుని ఉండటానికి డ్రమ్ము గొట్టంలో ఎప్పుడూ చదరపు అంగుళానికి 10 పౌన్ల దాకా ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. డ్రమ్ములో గట్టి స్ప్రింగులున్నాయి కనుక ఇబ్బంది లేదు. డిస్కులో స్ప్రింగులు లేవు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు కాస్త మెలితిరిగి మళ్లీ నిటారు కావడమే ప్యాడ్లని వదిలిస్తుంది. అక్కడ 10 పౌన్లు నిలిచి ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ ఒరుసుకుంటూనే ఉంటాయి, హబ్బు మాడిపోతుంది, ఆయిల్ మరుగుతుంది. ముందు గొట్టం వైపు ఆ వాల్వు తీసేయాలి. మాస్టర్ సిలిండర్ బండి నేల రేకు అడుగున, కాలిపర్ కంటే కిందుగా ఉండే పాత కార్లలో మాత్రం ఆయిల్ వెనక్కి జారకుండా 2 పౌన్ల వాల్వు వేస్తారు.

వెనక చక్రాలకి పోయే ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు కూడా ఉండాలి. పెరిగిన ఒత్తిడికి వెనక డ్రమ్ములు ముందే లాక్ అయితే బండి తోక తిప్పేస్తుంది. ముందు చక్రాలు ముందు లాక్ అయితే స్టీరింగు పనిచేయకపోయినా బండి తిన్నగా జారుతుంది. రెండిటిలో రెండోదే నయం. ఊరి బయట ఎవరూ లేని ఖాళీ జాగాలో, తక్కువ వేగంలో, పక్కన ఒకరు నిలబడి ఏ చక్రం ముందు ఆగుతోందో చూస్తూ ఈ వాల్వు సరిచేయాలి.

ఒక నట్టు కథ

పాత బ్రిటిష్ వంశపు కార్లలో బ్రేకు గొట్టం నట్లు అంగుళాల కొలతవి: ఎనిమిదింట మూడు వంతుల అంగుళం, అంగుళానికి 24 మరలు. కొత్త భాగాలు చాలావరకు మెట్రిక్: 10 మిల్లీమీటర్లు, మర మరకీ 1 మిల్లీమీటరు. అంగుళాల నట్టు వ్యాసం 9.5 మిల్లీమీటర్లు. దాన్ని 10 మిల్లీమీటర్ల రంధ్రంలో పెట్టండి, వదులుగా దూరి, కాస్త తిరిగి, బిగుసుకున్నట్టే ఉంటుంది. గాలి తీసేటప్పుడు కారకపోవచ్చు. నిండా మనుషులతో నిజంగా గట్టిగా తొక్కిన రోజున మరలు కోసుకుని గొట్టం ఊడివస్తుంది. గొట్టం చివర గంట ఆకారం కూడా రెండు రకాలు, ఒకటి ఇంకోదానిలో కూర్చోదు. పాత నట్టూ కొత్త నట్టూ పక్కపక్కన పెట్టి, మరలు ఒకదానికొకటి ఆనించి వెలుగులో చూడాలి. మధ్యలో వెలుగు కనిపిస్తే అవి రెండూ ఒకటి కావు. అరనిమిషం పని ఇది. దీన్ని మేస్త్రి చేశాడో లేదో దగ్గరుండి చూడటం కారు సొంతదారు హక్కు.

డిస్కు బిగించేముందు హబ్బు ముఖం మీద తుప్పు గీకేయాలి. తుప్పు పొర మీద కూర్చున్న డిస్కు తిరిగేటప్పుడు వంకరగా ఊగుతుంది, పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. డయల్ గేజి పెట్టి తిప్పితే ఊగు 0.1 మిల్లీమీటరు లోపే ఉండాలి. చక్రం బిగించాక చేత్తో తిప్పి, కాలిపర్‌కీ రిమ్ముకీ మధ్య ఎక్కడా ఒరుసుకోకుండా చూడాలి. స్టీరింగు రెండు కొసలకీ తిప్పి రబ్బరు హోసు లాగడం లేదని, టైరుకి తగలడం లేదని చూడాలి.

కొట్టు, కొట్టు, పట్టు

గాలి తీసే వేళ షెడ్డులో వినిపించే మాటలివి. సీట్లో కూర్చున్న కుర్రాడు పెడల్ కొడతాడు, కింద మేస్త్రి నిప్పిల్‌కి సన్న గొట్టం తగిలించి సీసాలో ముంచి ఉంటాడు. "కొట్టు, కొట్టు, పట్టు." నిప్పిల్ పావుచుట్టు వదిలితే బుడగలతో ఆయిల్ చిమ్ముతుంది. "వదలకు." నిప్పిల్ బిగిస్తాడు. "ఇప్పుడు వదులు." మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి వస్తారు. కాలిపర్ నిప్పిల్ తప్పకుండా పైవైపు ఉండాలి. ఎడమా కుడీ కాలిపర్లు తారుమారైతే నిప్పిల్ కిందికి వస్తుంది, పైన చిక్కిన గాలి ఎంత కొట్టినా రాదు.

ఆయిల్ డాట్ 4 రకం వాడటం మంచిది. సీలు తీసినప్పుడు అది 230 డిగ్రీల దాకా మరగదు. కానీ గాలిలోని తేమ పీల్చుకునే గుణం దానిది. తేమ చేరాక మరిగే మెట్టు 155 డిగ్రీల దాకా దిగవచ్చు. మన కోస్తా ఉక్కకి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. కాబట్టి రెండేళ్లకొకసారైనా మార్చాలి, మూత తీసి నెలలు గడిచిన డబ్బా వాడకూడదు. సిలికాన్ రకం డాట్ 5ని దీనితో కలపనే కూడదు.

కొత్త ప్యాడ్లు మొదటి రోజే పూర్తి పట్టు ఇవ్వవు. ఖాళీ రోడ్డు మీద 60 వేగం నుంచి 20 దాకా మధ్యస్థంగా బ్రేకు వేసి, మళ్లీ వేగం అందుకుని, అలా ఒక పదిసార్లు చేయాలి. పూర్తిగా ఆపి పెడల్ తొక్కిపట్టి ఉంచకూడదు. వేడి ప్యాడు ఒకేచోట ఆని డిస్కు మీద మచ్చ పడుతుంది. ఆ తర్వాత కొన్ని కిలోమీటర్లు బ్రేకు తాకకుండా నడిపి చల్లార్చాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ బిగింపు చూసి, గొట్టాల కీళ్లు టిష్యూ కాగితంతో తుడిచి తడి ఉందేమో చూసి, అప్పుడు ఘాట్ రోడ్డు ఆలోచన చేయాలి.

కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలు ఆర్సీలో ఉన్నవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఇంజన్, చాసిస్, బాడీ జోలికి పోతే ఇబ్బంది. అదే కారు వంశంలో కంపెనీయే ఇచ్చిన బ్రేకులు వేయించడం వేరు సంగతే అయినా, రవాణా శాఖ కార్యాలయంలో ముందే అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది. బిల్లులు దాచుకోవాలి. పదిహేనేళ్లు దాటిన సొంత కార్లకి ఆర్సీ రెన్యువల్ సమయంలో బండి ఎలాగూ తనిఖీకి పోవాలి.

యాభై ఏళ్లు దాటిన బళ్లది మరో దారి. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రోజువారీ వాడకానికి అది కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకుపోవచ్చు. అలాంటి బండి మీ దగ్గరుంటే, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నట్టుతో సహా మిగిలి ఉంటే, దానికి డిస్కులు వేయించవద్దని నా మనవి. డ్రమ్ములని కొత్తగా చేయించి, నిదానంగా నడిపించండి. అసలు రూపంలో మిగిలిన మొదటితరం అంబాసిడర్లు తగ్గిపోతున్నాయి. తిరిగే బళ్లకి మార్పు మంచిది, సాక్ష్యంగా మిగిలిన బళ్లని సాక్ష్యంగానే ఉండనివ్వాలి.

డిస్కులు వేయించినవాళ్లు కూడా తీసిన సరంజామాని పాత ఇనుము కొట్టుకి పంపవద్దు. డ్రమ్ములు, షూలు, వెనక రేకులు, స్టబ్ యాక్సిళ్లు, పాత మాస్టర్ సిలిండర్ కడిగించి, గ్రీజు రాసి, కుడివి ఎడమవి వేరుగా గోనెలో చుట్టి, పైన బండి నంబరు, తీసిన తేదీ రాసి పెట్టండి. ఎక్కడా కోయకుండా, వెల్డింగ్ చేయకుండా బోల్టులతోనే పని జరిగి ఉంటే ఆ బండిని మళ్లీ డ్రమ్ములకి తేవడం పెద్ద పనేమీ కాదు. రేపు బండి కొనేవాడు మొదట అడిగేదీ ఆ మూట గురించే.